నార్వే మేస్త్రి, ఎనిమిదో ఫారం

మా బావ ఎప్పుడూ నార్వే వెళ్ళలేదు. అది ఏ దిక్కున ఉందో కూడా మొన్నమొన్నటిదాకా ఆయనకి తెలియదు. అయినా ఊళ్ళో అందరూ ఆయన్ని 'నార్వే మేస్త్రి' అనే పిలుస్తారు. పోస్టుమాన్ కూడా ఉత్తరం మీదున్న అసలు పేరు చదివి, కాసేపు బుర్ర గోక్కుని, "ఓ, మన నార్వే మేస్త్రా!" అంటాడు. ఈ పేరు ఎవరో సరదాకి తగిలించింది కాదు, బావ తన నోటితో తానే కొనితెచ్చుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు. ఎందుకంటే అందులో సగం పాపం నాది.

బావ లైబ్రరీలో పుస్తకాల బైండరు. అదే లైబ్రరీలో నేను కౌంటరు గుమాస్తాని. పుస్తకం ఇస్తాను, తేదీ ముద్ర కొడతాను, గడువు దాటించినవాళ్ళని కళ్ళజోడు మీంచి చూస్తాను. ఆ చూపు చాలు, మళ్ళీ దాటించరు. మా అక్కని చేసుకోబట్టే ఆయనకి ఈ ఉద్యోగం దొరికిందని నేనంటాను. తాను చెప్పబట్టే నాకు ఉద్యోగం దొరికిందని ఆయనంటాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ దావా నడుస్తోంది. తీర్పు చెప్పాల్సిన మా అక్క, "మీ ఇద్దరినీ ఆ లైబ్రరీ ఎలా భరిస్తోందో!" అని కేసు కొట్టేస్తూ ఉంటుంది.

కౌంటరు వెనక రెండు మెట్లు దిగితే బావ గది. ఒకే కిటికీ, పొడుగాటి బల్ల, చక్రం తిప్పితే బిగుసుకునే ఇనప ప్రెస్సు, గోడవారగా గుడ్డ చుట్టలు, పాలడబ్బా నిండా దబ్బనాలు. గదంతా జిగురు వాసన. వెన్ను విరిగి, పేజీలు చేతికొచ్చిన పుస్తకం ఆ గదిలోకి వెళ్ళిందంటే, వారం తిరిగేసరికి కొత్త అట్టతో నిటారుగా బయటికొస్తుంది. ఈ విషయంలో ఆయన్ని వేలెత్తి చూపేవాడు లేడు. ఉంటే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను, ఎందుకంటే ఆయన గొప్పలు వినాల్సింది నేనే. పైగా బల్ల ఎదురుగా గోడ మీద ఒక అట్టముక్క తగిలించాడు. దాని మీద సొంత దస్తూరీతో గుండ్రంగా రాసుకున్నాడు: 'ఇక్కడ కుట్టిన పుస్తకంలో ఒక్క పేజీ తప్పినా నా పేరు మార్చుకుంటాను.'

వేల పుస్తకాలు ఆయన చేతుల మీదుగా పోయాయి. ఒక్కటీ చదవలేదు. అడిగితే, "దర్జీ తను కుట్టిన చొక్కాలన్నీ తొడుక్కుంటాడా బామ్మర్దీ?" అనేవాడు. నిజం చెప్పాలంటే, వేల పుస్తకాలకి ముద్రలు కొట్టిన నేనూ పెద్దగా చదివింది లేదు. వార్తాపత్రికలూ, అట్టల వెనక రాసి ఉండే నాలుగు ముక్కలూ, అంతే.

ఇలా మేమిద్దరం అక్షరాల మధ్య ఉంటూ అక్షరం ముట్టకుండా హాయిగా ఉండగా, ఒక ఎండాకాలం బావ పైనున్న గుడ్డ చుట్ట అందుకోబోయి నిచ్చెన మీంచి జారాడు. కాలి ఎముక విరిగింది. డాక్టరు మోకాలిదాకా సిమెంటు కట్టు కట్టి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు.

మూడో రోజుకే మా అక్క కౌంటరు దగ్గరికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది.

"ఒరేయ్, మీ బావని నువ్వన్నా తీసుకుపో, నన్నన్నా ఎక్కడికైనా పంపెయ్" అంది.

"ఏమైందక్కా?"

"మంచం మీంచి ఇల్లంతా నడుపుతున్నాడ్రా. దుప్పటి అంచుకి అంచు కలవలేదట, మళ్ళీ మడత పెట్టాలట. ఉల్లిపాయ ముక్కలన్నీ ఒకే కొలతలో లేవట. నా వంటింట్లో నాకు కొలతలా? ఏదో ఒక పుస్తకం తెచ్చి ఆయన మొహాన కొట్టు. చదవకపోతే పోయే, కనీసం మొహం కప్పుకుంటాడు."

నేను అరల మధ్యకి వెళ్ళి, గుమాస్తా బుర్రతోనే ఎంచాను. పుస్తకం లావుగా ఉండాలి, ఆరు వారాలు గడవాలి. ఎవరూ అడగనిదై ఉండాలి, లేకపోతే నా బావకే నేను గడువు నోటీసు పంపాల్సి వస్తుంది. అలా వెతికితే చివరి అరలో నీలం గుడ్డ అట్టలతో రెండు నవలలు దొరికాయి. నార్వే దేశపు పాతకాలం రచయితవి, ఎప్పుడో మన భాషలోకి వచ్చినవి. ఆ రచయిత పేరు పలకాలంటే నాలుక మూడు మెలికలు తిరగాలి. అందుకని మా ఇంట్లో ఆయన 'పెద్దాయన' అయిపోయాడు.

బావ మొదటి పుస్తకాన్ని అందుకుని తెరవలేదు. ముందు వెన్ను నిమిరాడు, అట్ట వంచి చూశాడు, దారం లాగి చూశాడు.

"ఇది నా కుట్టేరా. ఇరవై ఏళ్ళయింది. చూడు, ఒక్క పోగు కదిలిందేమో చూడు!"

"చూశాను బావా, కదల్లేదు. ఇక లోపల చూడు" అని నేను వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి ఇల్లు పొయ్యిలా ఉంది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బావ గొంతుదాకా దుప్పటి కప్పుకుని, చెమటలు కారుస్తూ చదువుతున్నాడు.

"ఇదేంటక్కా?"

"అక్కడ మంచు పడుతోందట" అంది అక్క, విసనకర్ర విసురుకుంటూ.

బావ తలెత్తకుండానే, "ష్! అబ్బాయి జ్వరంతో ఉన్నాడు. తలుపు తీస్తారేంటి!" అన్నాడు.

ఆ అబ్బాయి నవలలో చెప్పులు కుట్టేవాడి కొడుకు. కథానాయకుడికి పెద్దాయన పేరు పెట్టలేదు. మొదటి నవలలో చెప్పుల మనిషి, రెండో నవలలో ఓడలకి దారి చూపే దీపస్తంభం కాపలా మనిషి. ఎక్కడ చూసినా 'అతను', 'అతను', అంతే. చెప్పుల మనిషి చలి పట్టణంలో మూడు బంగాళాదుంపలతో వారం గడుపుతాడు. ఆ మాట చదివిన రోజు అక్క బంగాళాదుంపల కూర చేస్తే, మా బావ కంచం ముందు పెట్టుకుని తినలేకపోయాడు. "వాళ్ళకి మూడేనే" అన్నాడు. అక్క నావైపు తిరిగి, "కొలతల గొడవే నయం రా" అంది.

ఇంత వయసొచ్చాక చదవడం మొదలుపెట్టినవాడికి అది పూనకమే. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత చిరాకొచ్చింది, చివరికి కొంచెం అసూయ కూడా వేసింది. ఇరవై ఆరేళ్ళు పుస్తకాల మధ్య కూర్చున్నవాణ్ణి, నాకు ఎప్పుడూ అలా మంచు పడలేదు.

మొదటి నవల సగంలో ఒక చిక్కొచ్చింది. ఊళ్ళో చెప్పులు కుట్టుకునేవాడు సాయంత్రం లేచి తలుపు తీస్తాడు. పేజీ తిప్పితే సముద్రం! అతను దీపం అద్దాలు తుడుస్తుంటాడు, ఉత్తరం రాస్తాడు, చింపేస్తాడు, మళ్ళీ రాస్తాడు, పడవ రాదు. పదహారు పేజీల పాటు అదే. తర్వాత ఏమీ జరగనట్టు మళ్ళీ చెప్పుల మనిషి, మళ్ళీ తోలు.

"ఇదేంటి బావా, పట్టణంలో ఉన్నవాడు సముద్రంలో ఎలా తేలాడు?" అన్నాను.

"నీకు తెలీదు. పెద్ద రచయిత కారణం లేకుండా రాయడు" అన్నాడు. చదవడం మొదలుపెట్టి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే సాహిత్యమంతా తన పెరట్లో మొక్కలా మాట్లాడుతున్నాడు.

రెండో నవలలో సరిగ్గా అదే చోట తిరగబడింది. దీపస్తంభం మనిషి కథ మధ్యలో పదహారు పేజీలు చెప్పుల మనిషి. మెట్ల మీద పోస్టుమాన్ అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా ఉలిని పడేసి తలుపు దగ్గరికి పరిగెడతాడు. ఉత్తరం రాదు. మర్నాడు మళ్ళీ పరిగెడతాడు.

ఆ రోజు బావ కట్టు ఉన్న కాలిని కూడా మరిచిపోయి మంచం మీంచి లేవబోయాడు.

"అన్నదమ్ములు రా! అన్నదమ్ములు!" అన్నాడు. "అక్కడ దీపం దగ్గరివాడు రాసి చింపుతున్నాడు. ఇక్కడ చెప్పులవాడు ఎదురుచూస్తున్నాడు. వీడి ఉత్తరం కోసమే వాడి చూపు! పైకి ఎక్కడా చెప్పలేదు చూడు పెద్దాయన. రెండు పుస్తకాలనీ ఆ పదహారేసి పేజీలతో కలిపి కుట్టేశాడు. అబ్బ, ఏం కుట్టు రా! అంత గట్టి కుట్టు నేను కూడా వెయ్యలేను."

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

అప్పట్నుంచి ఇంటికొచ్చినవాడికల్లా ఈ అన్నదమ్ముల కథే. పాలవాడికి చెప్పాడు, పక్కింటాయనకి చెప్పాడు. కట్టు చూడ్డానికి వచ్చిన డాక్టరు నొప్పి ఎలా ఉందంటే, "నా నొప్పిదేముందండీ, వాళ్ళిద్దరి మధ్య నొప్పి వినండి" అన్నాడు. రెండు పుస్తకాలూ రెండోసారి చదివాడు. అన్న ఎవరు, తమ్ముడు ఎవరు, ఎందుకు విడిపోయారు అన్నది కాగితం మీద వంశవృక్షంలా గీశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాణ్ణి చూశాను గానీ, ఆ కుందేలుకి బంధువుల్ని కూడా లెక్కగట్టినవాణ్ణి బావనే చూశాను.

ఆరో వారం దాటాక తొలివాన పడింది. ఆ ఉదయం టెలిఫోన్ అమ్మగారు గొడుగు దులుపుకుంటూ లైబ్రరీకి వచ్చారు. పూర్వం ఊళ్ళో ఫోను కలపాలంటే ఆవిడే కలపాలి, టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ గొంతు వింటే నంబరు చెప్పాలనిపిస్తుంది.

"బాబూ, నా నార్వే పుస్తకం" అన్నారు.

నేను కంగారుపడి అట్ట వెనక తేదీల చీటీని గుర్తు తెచ్చుకున్నాను. నిజమే. ఎవరూ అడగని పుస్తకం అనుకున్నాను గానీ, ఏటా తొలివాన నాటికి ఆ చీటీ మీద నేనే ముద్ర కొట్టాను, పన్నెండేళ్ళుగా, ఒకే సభ్యత్వం నంబరుకి. ముందు ఒకటి, అది తిరిగొచ్చాక రెండోది. ముద్ర సరిగ్గా పడిందా లేదా అని చూశానే తప్ప ఎవరికి కొడుతున్నానో చూడలేదు.

"రెండూ మా బావ దగ్గరున్నాయండీ. కాలు విరిగి చదువుతున్నాడు" అన్నాను.

ఆవిడ మొహం వెలిగింది. "మేస్త్రిగారు చదువుతున్నారా! మరి అన్నదమ్ముల సంగతి కనిపెట్టారా? నూట పదమూడో పేజీ?"

"కనిపెట్టడమేంటండీ, పాలవాడికి కూడా అప్పజెప్పాడు."

"అది కనిపెట్టినవాళ్ళం ఊళ్ళో ఇద్దరమే అన్నమాట. చదవడం అయ్యాకే తెమ్మనండి, తొందరేం లేదు" అని ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయారు.

ఈ కబురు చెబితే బావ గాల్లో తేలిపోతాడని సాయంత్రం పరుగున వెళ్ళాను. అంతకు ముందు రోజే కట్టు విప్పారు. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్ళ మీదా రెండు పుస్తకాలు తెరిచి ఉన్నాయి. దొంగకి తేలు కుట్టినట్టున్నాడు.

"బావా?"

ఎడమ మోకాలి మీది పేజీ అడుగున వేలు పెట్టాడు. "ఏముంది?"

చిన్న అంకె ఉంది. "ఎనిమిది."

కుడి మోకాలి మీది పేజీ అడుగున పెట్టాడు. "ఇక్కడ?"

"ఎనిమిదే. అయితే?"

నిట్టూర్చి చెప్పాడు. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది, దాన్ని ఫారం అంటారు. ఫారాల్ని వరసగా పేర్చి కుడితే పుస్తకం. వరస తప్పకుండా ఫారం మొదటి పేజీ అడుగున ప్రెస్సువాళ్ళు అంకె వేస్తారు. బుద్ధున్న ప్రెస్సు అంకె పక్కన పుస్తకం పేరు కూడా పొట్టిగా వేస్తుంది. ఇది వెయ్యలేదు. రెండు నవలలూ ఒకే ప్రెస్సువి, ఒకే కాగితం, ఒకే అచ్చు. ఇరవై ఏళ్ళ కిందట రెండూ వెన్ను విరిగి ఒకే రోజు బల్ల మీదికి వచ్చాయి. రెంటినీ విప్పాడు, శుభ్రం చేశాడు, అంకెలు చూసుకుని పేర్చాడు. ఏడు తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత తొమ్మిది. వరస ఎక్కడా తప్పలేదు. కాకపోతే దీని ఎనిమిది దానిలోకి వెళ్ళింది, దాని ఎనిమిది దీనిలోకి వచ్చింది.

"అంటే అన్నదమ్ములు..."

"ఎవడికి ఎవడూ ఏమీ కాడు" అన్నాడు బావ. "కుట్టు పెద్దాయనది కాదు రా. నాది."

నాకు నవ్వు ఆగలేదు. అంత గట్టి కుట్టు తాను కూడా వెయ్యలేనన్నాడే, తానే వేశాడు! కానీ ఆయన మొహం చూశాక నవ్వు సగంలో ఆగిపోయింది. బావ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ అట్టముక్క మీది మాట ఆయనకి అలంకారం కాదు, ఆయన బతుకంతా దాని మీదే నిలబడి ఉంది.

"మరి ఆ ఉత్తరం ఎవరికి?" అన్నాను, మాట మార్చడానికి.

"సరైన వరసలో ఇప్పుడే చదివాను. దీపంలోకి నూనె అయిపోవస్తోంది. నూనె పంపమని ఆఫీసుకి అర్జీ. దస్తూరీ బాగా రాలేదని చింపుతున్నాడు."

"చెప్పులవాడు ఎదురుచూసేది?"

"తోలు కోసం. కొట్టుకి రాశాడు, జవాబు లేదు."

ఆరు వారాలు కొండని తవ్వి ఎలకని పట్టినట్టయింది. నేను చటాక్కున బుర్ర వాడాను. "బావా, ఎవరికీ తెలీదు. రేపు పొద్దున్నే నీ గదిలో కూర్చుని విప్పి సరిచేసెయ్. పూటలో పని. తలుపు దగ్గర నేను కాపలా ఉంటాను." అని, అమ్మగారు వచ్చిన సంగతి, ఆవిడ పన్నెండేళ్ళుగా ఏటా చదువుతున్న సంగతి, నూట పదమూడో పేజీ అంటూ వెలిగిపోయిన సంగతి కూడా చెప్పాను.

చెప్పకుండా ఉండాల్సింది. ఆయన ఇంకా కుంగిపోయాడు. "ఆవిడకి ఆ పేజీలు కంఠతా వచ్చి ఉంటాయి. సరిచేస్తే మొదటిరోజే పట్టుకుంటుంది. సరిచెయ్యకపోతే, తప్పని తెలిసి నా బైండింగు అలమారులో పెట్టుకోవాలి. రెండూ నా వల్ల కాదు."

వంటింట్లోంచి అక్క వచ్చింది. అంతా విన్నట్టుంది. "ఇందులో అంత ఆలోచించడానికి ఏముందండీ? కాలు విరిగింది గానీ నోరు విరగలేదుగా. వెళ్ళి ఆవిడతో చెప్పి రండి" అంది. నావైపు తిరిగి, "నువ్వూ వెళ్ళు. పుస్తకాలు ఏరికోరి తెచ్చింది నువ్వేగా" అని కూడా అంది.

మర్నాడు టెలిఫోన్ అమ్మగారి ఇంటికి బయల్దేరాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బావ చేతికర్ర మీద ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు. పుస్తకాలు రెండూ తడవకుండా సంచీలో పెట్టి నేను మోస్తున్నాను. మొదటి అంతస్తులో ఆగి, "ఆవిడ ఇంట్లో లేదేమో" అన్నాడు. రెండో అంతస్తులో ఆగి, "కాలు లాగేస్తోంది రా, దిగిపోదామా?" అన్నాడు. మూడో అంతస్తులో ఇంకో సాకు వెతికేలోగా నేనే గంట నొక్కేశాను.

చిన్న హాలు. కిటికీ పక్కన బల్ల దగ్గర అమ్మగారి చెల్లెలు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వాళ్ళిద్దరే ఉంటారు. గోడ మీద పాత గడియారం ఒకటి నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయి ఉంది. అమ్మగారు మమ్మల్ని చూడగానే, "రండి రండి, నూట పదమూడు!" అన్నారు.

బావ కూర్చోలేదు. కర్ర పట్టుకుని నిలబడే, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పేశాడు. ఫారం, అంకె, ప్రెస్సు, ఇరవై ఏళ్ళ కిందటి ఆ రోజు, గోడ మీది అట్టముక్క, ఏదీ దాచలేదు. పుస్తకాలు బల్ల మీద పెట్టి ఎనిమిదో ఫారాలు రెండూ తెరిచి చూపించాడు. "తప్పు నాదమ్మా. పెద్దాయనకేం తెలీదు" అని ముగించాడు.

అమ్మగారు కుర్చీలో వెనక్కి వాలారు. చిక్కుడుకాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"మేస్త్రిగారూ" అన్నారు చివరికి. "ఆ గడియారం చూశారా? మా అమ్మది. అమ్మ పోయాక అది నాకు కావాలని నేనూ, తనకి కావాలని ఈ చెల్లెలూ పోట్లాడుకున్నాం. అప్పటికే అది నడవడం లేదు. దానికోసం తొమ్మిదేళ్ళు మాటల్లేవు. ఊరందరికీ లైన్లు కలిపాను. మొగుడూ పెళ్ళాలకి కలిపాను, అప్పులవాళ్ళకి కలిపాను, పోట్లాడుకునేవాళ్ళకి కూడా కలిపాను. దీని నంబరు నాకు నోటికి వచ్చు. ఒక్కసారి కలపలేదు."

"నేనూ చెయ్యలేదుగా" అంది చెల్లెలు, తల దించుకునే.

"రిటైరయ్యాక పొద్దుపోక మీ పుస్తకాలు తీసుకున్నాను. ఆ పదహారు పేజీలు చదివి ఎంత కోపం వచ్చిందో! రాస్తాడు, చింపుతాడు. వాడేమో తలుపు దగ్గర. వెర్రివెధవల్లారా, ఎవడో ఒకడు పంపితే పోయేదానికి అని పుస్తకం విసిరికొట్టాను. విసిరికొట్టి, లేచి, ఫోను తీసి దీనికి చేశాను."

ఆవిడ ముందుకు వంగారు.

"అయితే మేస్త్రిగారూ, అతను ఆ ఉత్తరం ఎవరికి రాశాడు?"

నేను బావ వైపు చూశాను. ఒక్క అబద్ధం చాలు. 'ఇంటికి రాశాడమ్మా' అంటే చాలు. నేనైతే అనేసేవాణ్ణి. బావ పెదవులు రెండుసార్లు కదిలాయి.

"ఆఫీసుకమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నూనె కోసం."

ముందు నవ్వింది చెల్లెలు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టేసి, బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. "అక్కా, నూనె! నూనె డబ్బాల కోసం మనం కలిశామే!" అంటూ ఊపిరాడక కొట్టుకుంది. అమ్మగారు కోపంగా ఉందామని గట్టి ప్రయత్నమే చేశారు. కుదరలేదు. ఆవిడా మొదలుపెట్టారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి అలా నవ్వుతుంటే, మేమిద్దరం ఏం చెయ్యాలో తెలీక ఆగిపోయిన గడియారం వంక చూస్తూ నిలబడ్డాం.

అమ్మగారు కళ్ళు తుడుచుకుని, "ఇన్నేళ్ళలో మీరు చేసిన తప్పు ఇదొక్కటేనా?" అన్నారు.

"దొరికింది ఇదొక్కటేనమ్మా."

"అది నా అదృష్టం. ఈ పుస్తకాలు ఆ రోజు మీరు సరిగ్గా కుట్టి ఉంటే, ఇది ఈ కుర్చీలో ఉండేది కాదు." ఆ మాట అనేటప్పుడు ఆవిడ చెయ్యి చెల్లెలి చెయ్యి మీదే ఉంది. "సరిచెయ్యండి, లైబ్రరీ పుస్తకం సరిగ్గా ఉండాలి. కానీ ఈ వానాకాలానికి నాకు ఇలాగే ఇవ్వండి. ఆఖరిసారి చదువుకుంటాను."

"మరి ఆ అట్టముక్క మీది మాటో?" అంది చెల్లెలు. "పేజీ తప్పితే పేరు మార్చుకుంటానన్నారట. ఒకటి కాదు, ముప్ఫై రెండు తప్పాయి. నార్వే అని పెట్టుకోండి, బాగుంటుంది."

ఆవిడ హాస్యానికే అంది. కానీ మా బావ మాట మీద నిలబడే రకం. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి ఆ అట్టముక్క తీసేసి, దాని వెనకవైపు గుండ్రంగా 'నార్వే మేస్త్రి, బైండరు' అని రాసి గది తలుపుకి అంటించాడు. అదీ ఆ పేరు కథ.

నెల దాటాక పుస్తకాలు తిరిగొచ్చాయి. బావ తలుపేసుకుని కుట్లు విప్పాడు. ఎవరి ఎనిమిది వాళ్ళకి చేర్చి, మళ్ళీ కుట్టి, ప్రెస్సులో బిగించాడు. ఆ రెండు రోజులూ ఆ గదిలోంచి ఒక్క గొప్ప కూడా వినపడలేదు. సరైన వరసలో నాలుగోసారి చదివాక మాత్రం మనిషి మామూలైపోయాడు. "పెద్దాయన గొప్పవాడే. కానీ ఒక్కచోట తప్పు చేశాడు రా. వాళ్ళిద్దర్నీ అన్నదమ్ముల్ని చెయ్యాల్సింది" అన్నాడు. అన్నట్టు, నేనూ చదివాను, రెండూ. కిటికీలు మూసుకున్నానో లేదో మీకు చెప్పను.

మరుసటి ఏడు తొలివానకి టెలిఫోన్ అమ్మగారు వచ్చారు. ఈసారి వెనక చెల్లెలు కూడా ఉంది.

"దీనికి సభ్యత్వం ఇవ్వు బాబూ" అన్నారు. "ఒక కార్డుకి ఒకే పుస్తకం అంటావుగా. ఇద్దరం చెరొకటీ తీసుకుంటాం."

కార్డు రాసిచ్చాను. రెండు నీలం పుస్తకాలూ కౌంటరు మీద పెట్టాను. మనసాగక, "అమ్మగారూ, ఇప్పుడివి సరిచేసినవండీ. అన్నదమ్ములు లేరు" అన్నాను.

"తెలుసు. అందుకే రెండూ ఒకేసారి" అన్నారు ఆవిడ. "పక్కపక్కన కూర్చుని చదువుకుంటాం. నూట పన్నెండో పేజీ అవగానే నాది దానికిస్తాను, దానిది నేను తీసుకుంటాను. పదహారు పేజీలయ్యాక ఎవరిది వాళ్ళకి."

గది తలుపు సందులోంచి బావ అంతా విన్నాడు. జిగురు చేతులతోనే రెండు మెట్లు ఎక్కి వచ్చి, పుస్తకాలు రెండూ ఒకసారి అటూ ఇటూ తిప్పి, వెన్ను నొక్కి చూసి, వాళ్ళిద్దరి చేతుల్లో పెట్టాడు. నేను రెండు చీటీల మీదా ముద్ర కొట్టాను. ఈసారి ఎవరికి కొడుతున్నానో చూసి కొట్టాను.